తాళంచెవి తీసుకున్నాక గీసిన గీత నిలవదు: షుగర్ ఉన్న ఒక కుక్క కేసు

యజమానులు ఊరెళ్ళినప్పుడు వాళ్ళ పెంపుడు జంతువుల్ని చూసుకునే ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను కుక్కల గురించి అడిగేదాని కంటే కుక్కల యజమానుల గురించి అడిగేదే ఎక్కువ. డబ్బులు ఆలస్యం చేస్తున్నారు, అర్ధరాత్రి ఫోన్ చేస్తున్నారు, చెప్పిన రోజుకి తిరిగి రావడం లేదు, ఏం చేయమంటారు అని. "గట్టిగా చెప్పెయ్యండి" అనడం తేలిక. గట్టిగా చెప్పినా పనిచేయని కేసు కాబట్టే దీన్ని రాసి పెడుతున్నాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను. కుక్క పేరు కూడా మార్చి లడ్డూ అంటున్నాను. షుగర్ జబ్బున్న కుక్కకి ఆ పేరేంటని అనుకోవద్దు, అసలు పేరు కూడా ఒక తీపి వస్తువుదే.

నేపథ్యం

నేను హైదరాబాద్‌లో ఐటీ ఆఫీసులున్న పడమటి వైపు ఒంటరిగా ఈ పని చేస్తాను. కంపెనీ లేదు, యాప్ లేదు, కింద మనుషులు లేరు. యజమానులు ఊరెళ్ళినప్పుడు వాళ్ళింటికే వెళ్ళి కుక్కకో పిల్లికో తిండి పెట్టి, తిప్పి, మందులిచ్చి, ఫొటో పంపి, తాళం వేసి వస్తాను. అందరి సెలవులే మా సీజన్. సంక్రాంతికి నగరంలో సగం ఆంధ్రా వైపు కదులుతుంది, దసరాకి తెలంగాణ ఊళ్ళకి, వేసవిలో అమెరికాకి. ఆ రోజుల్లో ఒక ఇంట్లో తేదీ జరిగితే ఇంకో మూడు ఇళ్ళలో ఇబ్బంది మొదలవుతుంది.

ఈ కుటుంబం ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఉంటుంది. భార్యాభర్తలిద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. భర్త తండ్రి వాళ్ళతోనే ఉంటారు. లడ్డూ ఎనిమిదేళ్ళ లాబ్రడార్. ఏడాది క్రితం డయాబెటిస్ అని తేలింది. కుక్కల్లో ఈ జబ్బు వస్తే మాత్రలతో నెట్టుకురావడం కుదరదు. సాధారణంగా రోజూ రెండుసార్లు, పన్నెండేసి గంటల తేడాతో, తిండి తిన్నాక ఇన్సులిన్ ఇవ్వాల్సిందే. పెద్దాయనకి మోకాళ్ళ నొప్పి, చేతులు వణుకుతాయి. వంగి ఇంజక్షన్ ఇవ్వలేరు. అందుకని ఇంట్లో మనిషి ఉన్నా నన్ను పిలిచారు. పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి, ఒక్కోసారి ముప్పావుగంట. వాళ్ళు దీపావళి ముందు అమెరికాలోని డల్లాస్‌లో ఉన్న భార్యగారి చెల్లెలి దగ్గరికి వెళ్ళినప్పుడు ఇది మొదలైంది.

సమస్య ఎలా పెరిగింది

మొదట వచ్చినవి చిన్నచిన్న పనులే. పార్సిల్ తీసుకోండి అక్కా. వాటర్ ఫిల్టర్ అబ్బాయి వస్తాడు, పది నిమిషాలు ఉండండి అక్కా. తులసికి నీళ్ళు. ఆ తర్వాత, "మామయ్యగారు బీపీ మాత్ర వేసుకున్నారో లేదో ఒక్కసారి చూడండి అక్కా, మీరు మా ఇంటి మనిషే కదా." అక్కా అని పిలిచినవాళ్ళని దీనికి ఎంతిస్తారు అని అడగడానికి నాకే కాదు, మనలో చాలామందికి నోరు రాదు.

హాల్లో కెమెరా ఉంది. దాంట్లోంచి మాట్లాడొచ్చు కూడా. నేను సోఫా మీద కూర్చుని లడ్డూ చెవి తుడుస్తుంటే గోడ మీంచి భర్తగారి గొంతు వచ్చేది: "మేడం, వాకింగ్ అయిందా?" ఆ గొంతు వినగానే లడ్డూ తలుపు దగ్గరికి పరుగెత్తి, బాల్కనీలో వెతికి, తిరిగొచ్చి గిన్నె ముందు తిండి మానేసి కూర్చునేది. తినకపోతే ఇన్సులిన్ ఎలా ఇవ్వాలి? ఆయన ప్రేమగా పలకరించిన ప్రతిసారీ నా సాయంత్రం గంట సాగేది.

ఫోన్ల సంగతి సరేసరి. అక్టోబరులో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది. వాళ్ళకి మధ్యాహ్నం మూడింటికి గుర్తొచ్చిన సందేహం మనకి రాత్రి ఒకటిన్నరకి మోగుతుంది.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టింది ఇన్సులిన్ విషయం. లడ్డూ ఇన్సులిన్ మిల్లీలీటరుకి 40 యూనిట్లది. దానికి వాడాల్సింది ఎర్ర మూత ఉన్న యు-40 సిరంజి. అవి అయిపోవస్తున్నాయని చెబితే ఆవిడ, "డ్రాయర్‌లో మామయ్యగారివి పాత సిరంజిలున్నాయి, అవి వాడెయ్యండి" అని మెసేజ్ పెట్టారు. అవి నారింజ మూత యు-100 సిరంజిలు. యు-40 ఇన్సులిన్‌ని యు-100 సిరంజిలో అదే గీత దాకా లాగితే కుక్కకి వెళ్ళేది అసలు డోసులో నలభై శాతమే. పైగా ఫ్రిజ్ తలుపులో లడ్డూ సీసా పక్కనే పెద్దాయన ఇన్సులిన్ పెన్ను ఉంది. అది మిల్లీలీటరుకి 100 యూనిట్లది. ఎవరైనా తెలిసీ తెలియక దాన్ని యు-40 సిరంజితో లాగితే రెండున్నర రెట్లు పడుతుంది. అది ప్రాణాలు తీసే తేడా. ఇలాంటివి వాట్సాప్‌లో "వాడెయ్యండి" అన్నంత తేలిగ్గా వస్తాయి.

దాంతోపాటు భర్తగారు మనుషులు వాడే గ్లూకోమీటర్ ఒకటి కొని పెట్టారు. పొద్దున చెవి అంచున చుక్క తీసి చూసి చెప్పమనేవారు. రీడింగు ఎక్కువ ఉంటే "ఇవాళ రెండు యూనిట్లు పెంచండి", తక్కువ ఉంటే భార్య "ఇవాళ వద్దులెండి". మనుషుల మీటర్లు కుక్క రక్తంలో చక్కెరని ఉన్నదానికంటే తక్కువ చూపించడం మామూలే. మీటరు సరైనదే అయినా, ఒక్క రీడింగు చూసి డాక్టర్లు డోసు మార్చరు. రెండేసి గంటలకోసారి చూస్తూ పగలంతా చక్కెర హెచ్చుతగ్గుల గ్రాఫ్ (కర్వ్) గీసి మారుస్తారు.

ఆ రాత్రి ఒక కాగితం మీద రెండు వరసలు రాసుకున్నాను. ఒకవైపు నాకు చిరాకు తెప్పించేవి: పార్సిళ్ళు, ఫోన్లు, ఫిల్టర్ అబ్బాయి. రెండోవైపు లడ్డూకి ప్రమాదం తెచ్చేవి: డోసు మార్పులు, సిరంజిలు, కెమెరా గొంతు, ఇద్దరు చెప్పే రెండు మాటలు. ఈ రెండూ కలిపి పోట్లాడితే కుక్క ప్రాణం గురించిన మాట పార్సిల్ గొడవలో కొట్టుకుపోతుంది. విడదీయడం వల్ల దేనికి ఎంతదాకా నిలబడాలో నాకు తెలిసింది.

ముందుగా చేసి చూసినవి

మొదట అందరం చేసేదే చేశాను. సూచనగా చెప్పడం. "నిన్న రాత్రి నిద్ర పట్టలేదండీ", "ఈ పూట ఇంకో ఇల్లు కూడా ఉందండీ" లాంటివి. ఆవిడ "అయ్యో అక్కా, జాగ్రత్త" అని జవాబిచ్చి, మర్నాడు అదే వేళకి ఫోన్ చేసేవారు. నొప్పించకుండా చెప్పాలని చెప్పిన మాట అర్థం కాకుండా పోవడంలో వినేవాళ్ళ తప్పేం లేదు.

తర్వాత ధర. అదనపు పనులకి ఇంత అని చెబితే వాళ్ళే తగ్గించుకుంటారని నా లెక్క. వాళ్ళు ఒక్కమాట ఎదురు చెప్పకుండా ఒప్పుకున్నారు. అక్కడే అది తిరగబడింది. అంతకుముందు ఏదడిగినా ఆవిడ గొంతులో కొంచెం మొహమాటం ఉండేది. డబ్బు పెట్టాక అది కూడా పోయింది. కొన్న పని కాబట్టి అడిగే హక్కు వచ్చేసింది. ఐరన్‌కి బట్టలు ఇచ్చి రావడం, పెద్దాయన్ని కింద పార్కు దాకా తీసుకెళ్ళడం కూడా జాబితాలో చేరాయి. అసలు చేయకూడదనుకున్న పనికి ధర పెట్టకూడదని నాకు తేలింది. ధర పెడితే ఆ పనికి మనం సిద్ధమేనని చెప్పినట్టు.

మూడోది నియమాల పత్రం. మూడు పేజీలు, ఇంగ్లీషులో, పద్ధతిగా పీడీఎఫ్ చేసి పంపాను. వాట్సాప్‌లో బొటనవేలి బొమ్మ ఒకటి జవాబుగా వచ్చింది. వారం తర్వాత రాత్రి ఫోన్ గురించి అందులో ఉందని గుర్తుచేస్తే, "అవన్నీ కొత్తవాళ్ళకి కదా అక్కా" అన్నారు. ఆవిడ నిజంగానే అలా అనుకున్నారు. పని మధ్యలో వచ్చిన నియమాన్ని ఎవరూ తమకోసమని చదవరు.

దీపావళి సాయంత్రం

టపాసులు రాత్రి 8 నుంచి 10 దాకానే కాల్చాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. మా వైపు చీకటి పడకముందే మొదలవుతాయి. అందుకే కొన్ని రోజుల ముందునుంచే, డాక్టరుని అడిగి, లడ్డూ సాయంత్రం తిండివేళని కొంచెం కొంచెంగా ముందుకి జరుపుతూ వచ్చాను. అయినా ఆ రోజు నేను గిన్నెలో చికెన్, అన్నం కలుపుతుండగానే పక్క బ్లాకులో లక్ష్మీబాంబు పేలింది. లడ్డూ మంచం కిందికి దూరింది. ముద్ద కూడా ముట్టలేదు.

డాక్టరు ఫోన్ ఎత్తలేదు, పండగ. భర్తగారికి అప్పటికి తెల్లవారింది. కెమెరాలోంచి, "పొద్దున మూడొందల ఎనభై ఉంది కదా మేడం, ఫుల్ డోస్ ఇచ్చెయ్యండి" అన్నారు. అదే నిమిషంలో భార్య దగ్గర్నుంచి మెసేజ్: అసలు ఇవ్వొద్దు. పెద్దాయన కుర్చీలోంచి, "ఇవ్వకపోతే ఎట్లా అమ్మాయ్, నేను రోజూ పొడుచుకుంటున్నానుగా" అని. ముగ్గురు, మూడు మాటలు.

నేను ఆలోచించింది ఇది. ఇవ్వకపోతే చక్కెర ఈ రాత్రికి ఎక్కువే ఉంటుంది. అది మంచిది కాదు గానీ, ఒక్క పూటదాన్ని రేపు సర్దవచ్చు. తినని కుక్కకి పూర్తి డోసు ఇస్తే చక్కెర పడిపోవచ్చు. ముందు తూలడం, వణుకు, తర్వాత ఫిట్స్. అది ఏ అర్ధరాత్రో జరిగితే ఇంట్లో ఉండేది నిద్రమాత్ర వేసుకుని పడుకునే పెద్దమనిషి. ఒకవైపు తప్పు దిద్దుకోదగ్గది, రెండోవైపుది కాదు. కాబట్టి డాక్టరు మాట వినేదాకా సిరంజి తీయనని చెప్పాను. భర్తగారు కోపగించుకున్నారు. "మా కుక్క. మేం చెప్పింది చేయడానికే మిమ్మల్ని పెట్టుకున్నాం" అన్నారు. ఎనిమిది దాటాక డాక్టరు తిరిగి ఫోన్ చేసి, సగమైనా తింటే సగం డోసు, అసలు తినకపోతే ఈ పూట మానెయ్యండి, పొద్దున చూద్దాం అన్నారు. టపాసులు పలచబడ్డాక మంచం పక్కన నేల మీద కూర్చుని చేత్తో పెట్టాను, సగం తింది. సగం డోసు ఇచ్చి, ఏదైనా తేడా కనిపిస్తే చిగుళ్ళకి రాయడానికి గ్లూకోజ్ పౌడర్ కలిపి దగ్గర పెట్టుకుని, చాలాసేపు ఉండి వచ్చాను.

మర్నాడు నేను గట్టిగానే మాట్లాడాను. డోసు విషయంలో ఇలాగైతే రేపటినుంచి రాలేనన్నాను. ఆయన అడిగిన ప్రశ్న చాలా మామూలుది: "మరి రేపటినుంచి ఎవరొస్తారు మేడం?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆయన నన్ను బెదిరించలేదు, నిజమే అడిగారు. నేను రాకపోతే నష్టపోయేది పన్నెండు వేల కిలోమీటర్లకి పైన ఎక్కడో ఉన్న ఆయన కాదు, మంచం కింద ఉన్న కుక్క. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. వడ్రంగి పని మధ్యలో ఆపి వెళ్ళిపోవచ్చు, అలమర ఆకలితో చావదు. మనం అలా వెళ్ళలేం, వెళ్ళకూడదు కూడా. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువుని వదిలెయ్యడాన్ని నేరంగానే చూస్తుంది. చట్టం లేకపోయినా మనం ఆ పని చేయం. అంటే తాళంచెవి నా చేతికి వచ్చిన క్షణం నుంచి తిరిగిచ్చే క్షణం దాకా బేరమాడే శక్తి నాకు దాదాపు సున్నా. నేను సూచనలు, ధరలు, పీడీఎఫ్‌లు, కోపం అన్నీ ఆ సున్నా కాలంలోనే వాడాను.

అయినా ఒక్క విషయం ఆ సున్నాలోనూ నిలబడింది: డోసు. ఎందుకని చాలా ఆలోచించాను. సిరంజి నా చేతిలో ఉంది. నేను చేయకపోతే చాలు, వాళ్ళు ఏమీ చేయక్కర్లేదు. మిగతావన్నీ వాళ్ళు మానుకోవాల్సినవి. రాత్రి ఫోన్ చేయకుండా ఉండటం, చెప్పిన రోజుకి రావడం, డబ్బు వేళకి ఇవ్వడం. నా చేతిలో ఉన్న హద్దుని ఎప్పుడైనా కాపాడుకోవచ్చు. వాళ్ళ చేతిలో ఉన్నదాన్ని ముందే కట్టుకోవాలి, లేదా నా చేతిలోకి మార్చుకోవాలి. ఫోన్ చేయొద్దని వాళ్ళకి చెబితే ఆ హద్దు ఇంకా వాళ్ళ చేతిలోనే ఉన్నట్టు. రాత్రి పదికి ఆ నంబరు మూగబోయేలా పెట్టుకుంటే అది నా చేతిలోకి వచ్చినట్టు.

వాళ్ళు అమెరికా నుంచి చెప్పినదానికంటే మూడు రోజులు ఆలస్యంగా వచ్చారు. టికెట్లు మార్చుకున్న సంగతి నాకు చెప్పింది ముందురోజు. ఆఖర్న డబ్బు ఇచ్చేటప్పుడు కెమెరా రికార్డింగు చూసి ఒక పూట ముప్పావుగంటకి పది నిమిషాలు తక్కువుందని కోశారు. దీపావళి రాత్రి ఎక్కువసేపు ఉన్నది ఆ లెక్కలోకి రాలేదు.

పనిచేసింది

నేను ఆ కోతకి పోట్లాడలేదు. బాకీ తీసుకుని, తాళంచెవి ఇచ్చేసి, ఊరుకున్నాను. అలిగి కాదు. వాళ్ళకి అవసరం లేని రోజున నా షరతులు వినిపిస్తే అది ఫిర్యాదులా ఉంటుంది. సంక్రాంతికి గోదావరి వైపు వెళ్ళాలని డిసెంబరులో ఆవిడ ఫోన్ చేశారు. తేదీలు ఖాళీగా ఉన్నాయో లేదో చెప్పలేదు. "ఒకసారి ఇంటికొచ్చి మాట్లాడతాను, సార్ కూడా ఉండాలి, అంకుల్ కూడా" అన్నాను. ఇద్దరినీ ఎందుకు అడిగానంటే, ఇద్దరూ విడివిడిగా మంచివాళ్ళే, ఒకరి మాట ఇంకొకరికి తెలియకపోవడమే నన్ను నలిపేసింది.

కాఫీ వచ్చాక ముందు లడ్డూ గురించే మొదలుపెట్టాను. దీపావళి రాత్రి ఏం జరగబోయిందో, యు-40, యు-100 తేడా ఏంటో రెండు సిరంజిలు పక్కపక్కన పెట్టి నీళ్ళతో చూపించాను. అప్పటిదాకా భర్తగారు నా పట్టుదలని పొగరనుకున్నారని ఆయన ముఖం చూస్తే అర్థమైంది. ఆ తర్వాతి సంభాషణ తేలికైంది. హద్దుల్లో మొదటిది కుక్క కోసమైనప్పుడు, మిగతావాటిని కూడా అదే వెలుగులో వింటారు.

ఒక్క పేజీ, తెలుగులో, చేత్తో, వాళ్ళ డైనింగ్ టేబుల్ మీదే రాశాం. పీడీఎఫ్ నేను పంపింది, ఇది అందరం కూర్చుని రాసుకున్నది. డోసు డాక్టరు చీటీ ప్రకారమే. తినకపోతే ఏం చేయాలో, సగం తింటే ఏం చేయాలో కూడా డాక్టరు చేతే ముందుగా చీటీలో రాయించాలి. నాకు ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఈ వాక్యమే. పండగ రాత్రి ఫోన్ ఎత్తని డాక్టరు కోసం ముగ్గురితో వాదించే అవసరాన్ని అది తీసేసింది. లడ్డూ సీసా, ఎర్ర మూత సిరంజిలు విడిగా ఒక డబ్బాలో, పెద్దాయన పెన్ను ఇంకో అరలో.

మాట చెప్పేది ఒక్కరే. ఆవిడ ఆ బాధ్యత తీసుకున్నారు. నగరంలో వాళ్ళ తరఫున నిర్ణయం తీసుకోగల మనిషి ఒకరు కావాలన్నాను. కూకట్‌పల్లిలో ఉండే ఆవిడ పెదనాన్న కొడుకు ఒప్పుకున్నారు. ఆయన దగ్గర ఇంకో తాళంచెవి, క్లినిక్‌లో ఎంతదాకా ఖర్చు పెట్టొచ్చో ఒక అంకె.

కెమెరా తీసెయ్యమని అడగలేదు. చాలామంది సిట్టర్లు అడుగుతారు, నాకది సరికాదనిపిస్తుంది. ఇల్లు వాళ్ళది, పైగా ఏదైనా వస్తువు కనిపించలేదంటే ఆ రికార్డింగే నా సాక్ష్యం. మాట్లాడే మైకు మాత్రం కట్టెయ్యాలన్నాను. గొంతు వినగానే లడ్డూ ఎలా వెతుకుతుందో వాళ్ళ కెమెరాలోనే వెనక్కి తిప్పి చూపించాను. ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు, ఆయన అక్కడికక్కడే మైకు ఆపేశారు. దానికి బదులు ప్రతి విజిట్ అయ్యాక ఫొటో, తిన్నది, డోసు, మూత్రం ఎక్కువగా ఉందా లేదా, ఈ నాలుగూ నేను రాస్తాను. వాళ్ళ ఫోన్లకి రోజుకి రెండు వేళలు.

డబ్బు మొత్తం తాళంచెవి తీసుకునేటప్పుడే. తిరుగు ప్రయాణం జరిగితే పనికొచ్చేలా ఇంకో రెండు రోజుల ఫీజు డిపాజిట్, జరగకపోతే వాపసు. రెండు రోజులూ దాటితే లడ్డూ ఇన్సులిన్ ఇవ్వగలిగే క్లినిక్ బోర్డింగ్‌కి వెళ్తుంది, ఖర్చు వాళ్ళది. ఆ క్లినిక్‌లో ముందే కనుక్కుని, షుగర్ ఉన్న కుక్కని పండగ రోజుల్లో తీసుకుంటారా అని ఖాయం చేసుకునే ఈ మాట రాశాను. ఉత్తుత్తి బెదిరింపు ఎలా ఉంటుందో దీపావళి తర్వాతి పొద్దున నాకు తెలిసింది కదా.

చిక్కు పడింది పెద్దాయన దగ్గర. సంక్రాంతికి ఆయన కూడా వెళ్తున్నా, వేసవిలో మళ్ళీ ఇంట్లోనే ఉంటారు. ఆయన మందుల బాధ్యత నేను తీసుకోలేనన్నాను. ఆవిడ నొచ్చుకున్నారు: "అంత పరాయిదానిలా మాట్లాడతారేంటక్కా?" నేను రెండు వేరు చేసి చెప్పాను. అంకుల్‌కి నలతగా ఉన్నట్టు కనిపిస్తే మనిషిగా మీ అన్నయ్యకి వెంటనే ఫోన్ చేస్తాను, అది ఎవరైనా చేసేదే. కానీ రోజూ మాత్ర వేసుకున్నారో లేదో చూసుకోవడం నా పని అయితే, ఏదో ఒక రోజు నేను కుక్క వాంతి శుభ్రం చేస్తూ మర్చిపోతే ఆ బరువు నేను మోయలేను. దానికి ఇంటికొచ్చే అటెండర్లు ఉన్నారు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయనే తేల్చేశారు: "నా మాత్రలు నేను మింగుతాను. ఈ అమ్మాయి రోజూ వచ్చి డబ్బా చూడటం నాకు మాత్రం బాగుందా?" ఆయన్ని ఎవరూ అడగలేదని అప్పుడు తట్టింది.

పరీక్ష

కనుమ రోజు మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది: దారంతా ట్రాఫిక్ అంటున్నారు, ఇంకో రెండ్రోజులు ఉందామనుకుంటున్నాం. నేను ఒక్క వాక్యం రాశాను: డిపాజిట్ రేపు, ఎల్లుండి దాకా సరిపోతుంది, ఆ తర్వాతి పొద్దున లడ్డూని క్లినిక్‌కి చేరుస్తాను. ఎందుకు, ఎలా, నాకెంత ఇబ్బంది, ఏదీ రాయలేదు. ఆ రెండు రోజులు అయ్యాక రాత్రే వచ్చేశారు. ఊరి నుంచి అరిసెలు తెచ్చి ఇచ్చారు. డిపాజిట్ వాపసు అడగలేదు.

భర్తగారు ఒకసారి రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేశారు. ఎత్తలేదు. పొద్దున ముందే అనుకున్న వేళకి నేనే చేశాను, విషయం మాట్లాడాను, రాత్రి ఫోన్ గురించి ఎత్తలేదు. మళ్ళీ చేయలేదు.

ఇంకోసారి సొసైటీ వాళ్ళు కుక్కని లిఫ్టు ఎక్కించొద్దన్నారు. ఆవిడ నన్ను వెళ్ళి మాట్లాడమన్నారు. పెంపుడు కుక్కల్ని లిఫ్టు ఎక్కకుండా సంఘాలు ఆపకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ సంగతి ఆవిడకి పంపి, సెక్రటరీతో మాట్లాడాల్సింది ఫ్లాటు యజమానిగా మీరేనన్నాను. నేను వాదిస్తే రేపు గేటు దగ్గర సెక్యూరిటీ నన్ను ఆపుతాడు. ఆవిడ మాట్లాడారు, సర్దుకుంది.

సర్దుకోనిది కూడా ఉంది. పెద్దాయన లడ్డూకి బిస్కెట్లు పెట్టడం. కాగితం మీద రాశాం, కొడుకు కోప్పడ్డాడు, నేను బతిమాలాను. టీ తాగేటప్పుడు చెయ్యి కిందికి వెళ్ళిపోతుంది. ఆ వయసులో ఆయనకి ఉన్న ఒక్క తోడు ఆ కుక్క, దాని ముందు ఏ కాగితం నిలవదు. చివరికి డాక్టరుని అడిగి కీరా, క్యారెట్ ముక్కలు కోసి టీ బల్ల మీద పెట్టడం మొదలుపెట్టాం. పెట్టే ఆనందం ఆయనకి మిగిలింది. బిస్కెట్ పూర్తిగా మానారని నేను ప్రమాణం చేయను.

ఈ కేసు నుంచి నా పనిలో మారినవి

ఇప్పుడు ఎవరికైనా తాళంచెవి తీసుకునే ముందు ఆ ఒక్క పేజీ రాసుకుంటాను. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి అది నాలుగు వాక్యాలు. మందులున్నదానికి డాక్టరు రాసిన "తినకపోతే" వాక్యం లేకుండా ఒప్పుకోను. ప్రయాణం మధ్యలో కొత్త కోరిక వస్తే, నా చేతిలో ఉన్నదైతే చేయగలను, చేయలేను అని వెంటనే చెబుతాను. వాళ్ళ చేతిలో ఉన్నదైతే రాసి పెట్టుకుని తర్వాతి బుకింగు అప్పుడు తీస్తాను. మధ్యలో పోట్లాడను.

కొత్తవాళ్ళు ఒకటి గమనించాలి. ఈ కుటుంబం దగ్గర ఇది పనిచేయడానికి కారణం వాళ్ళకి ఆ కుక్క మీద నిజంగా ప్రేమ ఉండటం. ప్రమాదం కళ్ళకి కనిపించగానే మారారు. కుక్క కరిచిన సంగతి దాచిపెట్టి అప్పగించినవాళ్ళు నాకు తగిలారు. వాళ్ళతో ఏ కాగితమూ రాయను, మర్యాదగా తేదీలు లేవని చెబుతాను. మరికొందరు మంచివాళ్ళే, కానీ ముందు డబ్బు అన్న మాట దగ్గర ఆగిపోతారు. ఒకాయన "ఇంత నమ్మకం లేకపోతే ఎలాగండీ" అని ఫోన్ పెట్టేశారు. ఆ సంక్రాంతికి ఆ తేదీలు ఖాళీగానే పోయాయి. నెల అద్దె వెతుక్కునే స్థితిలో ఉన్నవాళ్ళకి ఈ నష్టం చిన్నది కాదు, అందుకే మొదటి ఏడాది అన్నీ ఒకేసారి పెట్టమని నేను ఎవరికీ చెప్పను. మందుల చీటీ, నగరంలో ఒక మనిషి, ఈ రెండూ మొదట పెట్టండి. అడ్వాన్సు రెండో ఏడాది పెట్టొచ్చు. నేను మాత్రం ఖాళీగా పోయే తేదీల నష్టాన్ని లెక్కలో వేసుకుని పండగ రోజుల ధర మామూలు ధరకి ఒకటిన్నర రెట్లు చేశాను. లడ్డూ వాళ్ళకి కూడా అదే ధర.